గాలి గిరియప్ప కాలికి ప్యాచి

హొసకోటెలో పాత మద్రాసు రోడ్డు పక్కన పంక్చర్ అంగడి నడిపే వెంకటగిరియప్పను నిండు పేరుతో పిలిచేది ఇద్దరే. ఎన్నికల నాడు ఓటరు జాబితా చదివే మేస్టారు ఒకరు, ఒళ్ళు మండినప్పుడు ఆయన భార్య నర్సమ్మ ఒకరు. మిగతా లోకానికంతా ఆయన గాలి గిరియప్ప. టైర్లలో గాలి కొడతాడు కాబట్టి ఒక గాలి. నోరు తెరిస్తే గాలి కబుర్లు కాబట్టి ఇంకో గాలి. ఈ రెండింటిలో దేని ఒత్తిడి ఎక్కువో కొలిచే మీటరు ఇంకా తయారు కాలేదు.

ఒకసారి ముళబాగిలు పోయే టమాటా లారీకి తానే స్వయంగా గాలి పట్టాననీ, ఆ లారీ ఊరు దాటాక నేలకు ఆనకుండా పోయిందనీ, కోలారు దగ్గర పోలీసులు ఆపితే డ్రైవరు కిందికి దిగడానికి నిచ్చెన అడిగాడనీ ఆయన చెబుతాడు. వినేవాడు నవ్వితే, "ఒక్క టమాటా నలగలేదప్పా. కావాలంటే కోలారు మార్కెట్లో పోయి అడుగు" అంటాడు. అడగడానికి ఎవరూ పోలేదు గనక ఆ కథ ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉంది.

గిరియప్ప తాత ఏనాడో మదనపల్లె వైపు నుంచి బండి కట్టుకుని వచ్చి హొసకోటెలో నిలిచిపోయాడు. అందుకని ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, లారీ డ్రైవర్లతో ఎవరి భాష వాళ్ళతో. కోతలు మాత్రం అన్ని భాషల్లోనూ ఒకే ధారగా వచ్చేవి. చేతిపంపుతో మొదలుపెట్టి ఎర్ర ట్యాంకు ఉన్న కంప్రెసర్ దాకా ఎదిగాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా అంగడి వెనక్కి జరిగింది, ఆయన పొట్ట ముందుకు జరిగింది.

ఆయన ఆస్తి ఆ కంప్రెసర్ కాదు, కుడికాలు. ఇనుప కడ్డీని టైరు అంచులోకి దూర్చి, కుడి పాదం ముందు భాగంతో ఒక్క తొక్కు తొక్కితే ఎంత మొండి టైరైనా రిమ్మును వదిలేసేది. చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళు ఆ పనికి యంత్రాలు కొన్నారు. గిరియప్ప కొనలేదు. "నా కాలికి కరెంటు పోదు" అనేవాడు.

అలాంటి కాలికే గండం వచ్చింది. జీవితమంతా ఊరి టైర్లలోంచి మేకులు పీకిన మనిషి, తన చెప్పులోంచి పైకి పొడుచుకొచ్చిన మేకును గుర్తించలేకపోయాడు. చక్కెర జబ్బు పాదాల్లోని స్పర్శను ఎప్పుడో తినేసింది. ఇంటి గచ్చు మీద నెత్తుటి మచ్చలు చూసి నర్సమ్మ పిల్లి ఎలుకను పట్టిందనుకుంది. తీరా చూస్తే ఆ మచ్చలు మొగుడి వెంటే నడుస్తున్నాయి.

పుండు నెలలు గడిచినా మానలేదు. చిటికెన వేలు నల్లబడితే తీసేశారు. అయినా పాదం కింద బియ్యప్పిండి నిప్పట్టు చెక్కంత పుండు అలాగే నోరు తెరుచుకుని ఉంది. చివరికి సర్జన్, ఇది ఇలాగే ఉంటే పాదం ముందు సగం తీసేయక తప్పదన్నాడు. గిరియప్ప తొక్కు తొక్కేది ఆ సగంతోనే.

మారతహళ్ళి దగ్గరి ఒక ఆసుపత్రిలో పుండ్లు చూసే డాక్టర్ శశిధర్ ఉన్నాడని తెలిసి నర్సమ్మ ఆయన్ని అక్కడికి తీసుకుపోయింది. కన్నడిగుడే అయినా, వచ్చేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే కావడంతో ఆ డాక్టరుకు తెలుగు పట్టుబడింది.

"ఎలా అయింది యజమాన్రే?" అని కన్నడ మర్యాదతో అడిగాడు డాక్టరు.

"హొసకోటె చెరువు కట్ట మింద పోతా ఉంటి సార్. చిరుత. ఇంత పొడుగు. ఎగిరి కాలు పట్టుకునింది. నేను దాని నోట్లో పంపు పెట్టి గాలి కొట్టినా..."

"మేకు సార్" అంది నర్సమ్మ. "చెప్పులో మేకు. చిరుతా లేదు, ఏమీ లేదు. ఈయప్ప మాట వింటా ఉంటే తెల్లారిపోతాది."

డాక్టరు నవ్వు ఆపుకుని విషయం చెప్పాడు. చచ్చిన చర్మం తీయడం, కట్టు కట్టడం, మందులు, చక్కెర అదుపు, కాలి మీద బరువు వేయకపోవడం ఎలాగూ ఉండేవే. వాటితోపాటు రోజూ కాసేపు ఒక గొట్టంలో పడుకోబెట్టి, మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడిలో అచ్చమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. పాదానికి రక్తం కొంత పోతూనే ఉంది కాబట్టి ప్రయత్నించవచ్చు. "ఇది మంత్రం కాదు. కొందరికి పని చేస్తుంది, కొందరికి చేయదు. వారం వారం చూద్దాం. సర్జన్‌ను నేను ఆగమంటాను."

గిరియప్పకు ఆ మాటల్లో చెవికెక్కినవి రెండే: ఒత్తిడి, గాలి. ఒళ్ళు పొంగిపోయింది. ఇన్నాళ్ళకు తన విద్య తెలిసిన డాక్టరు దొరికాడు.

మొదటిరోజు నర్సమ్మ శుభకార్యానికి పోతున్నట్టు మొగుడి తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి తెచ్చింది. ఆ గొట్టం చూసుకునే ఫాతిమా గుమ్మంలోనే ఆపేసింది. కదిరి అమ్మాయి, చిన్న మనిషి, పెద్ద గొంతు.

"నూనె తలతో లోపలికి పంపియ్యను అప్పా. పోయి సబ్బుతో రుద్దుకొని రా. లోపలంతా ఆక్సిజనే. చిన్న నిప్పురవ్వ ఉండినా, నూనె ఉండినా, పెట్రోలు వాసన ఉండినా పెద్ద మంట అయిపోతాది. లైటరు, ఫోను, పర్సు, అన్నీ బయటే."

ఆ తర్వాత రోజూ అవే ప్రశ్నలు, అవే జవాబులు, కాన్వెంటు బడిలో పొద్దుటి ప్రార్థనలాగా. నూనె? లేదమ్మా. క్రీము? లేదమ్మా. జేబుల్లో? ఏమీ లేదమ్మా. పొద్దున ఏమి తిన్నావు? రాగిముద్ద. జ్వరం, జలుబు? లేదమ్మా. చక్కెర పరీక్ష చేసి, నూలు బట్టలు తొడిగించి, మనిషిని బల్ల మీద పడుకోబెట్టి లోపలికి తోసేది. గొట్టం గాజులా తేటగా ఉంటుంది కాబట్టి లోపలి మనిషి సీసాలో ఊరగాయలా బయటికి కనిపిస్తాడు. మాట్లాడుకోవడానికి మైకు ఉంది.

"ఎన్ని పౌండ్లు పెడతావు అమ్మణ్ణీ?" అని మొదటిరోజే అడిగాడు గిరియప్ప.

"స్కూటర్ ముందు టైరుకు పెడతారు చూడు, సుమారుగా అంత."

గిరియప్ప ముఖం చిన్నబోయింది. లారీ టైర్ల మనిషి తను. "స్కూటరా? ఇంకొంచెం పెట్టు పా, తట్టుకుంటా."

"సుమ్నే పడుకో, కదలకుండా. చెవులు బిగుసుకుంటే గుటక మింగు."

గుటక మింగాడు. చెవుల్లో టక్కుమంది. మీటరు ముల్లు మెల్లగా ఎక్కింది. కాస్త వెచ్చబడింది, తర్వాత చల్లబడింది. అంతా నిమ్మళించాక, ఆ నిశ్శబ్దంలో గిరియప్పకు ఒక శబ్దం వినిపించింది.

సుయ్... సుయ్...

తన కాళ్ళ వైపు నుంచి వస్తోంది. సన్నగా, ఆగకుండా. ఆ శబ్దాన్ని ఆయన నిద్రలో కూడా గుర్తుపట్టగలడు. నడిరోడ్డు మీద, లారీల హారన్ల మధ్య, టైరుకు చెవి ఆనించి ఆ చప్పుడునే ఆయన వెతికి వెతికి పట్టుకునేవాడు.

మర్నాడు విన్నాడు. ఆ మర్నాడూ విన్నాడు. అదే సుయ్, అదే చోట. డాక్టరు వారానికోసారి పుండు మీద పలుచటి ప్లాస్టిక్ కాగితం పెట్టి పెన్నుతో అంచు గీసేవాడు. మొదటి గీత, రెండో గీత ఒకదాని మీద ఒకటి పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. "ఇంకా మొదట్లోనే ఉన్నాం, చూద్దాం" అన్నాడు డాక్టరు. వచ్చే వారం సర్జన్ వచ్చి చూస్తాడని కూడా అన్నాడు.

గిరియప్ప తిరుగు బస్సులో కె.ఆర్.పురం దాటేదాకా పలకలేదు. నర్సమ్మకు భయమేసి మొగుడి నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని.

ఆయన తలలో లెక్క తేలిపోయింది. లోపలికి గాలి ఎక్కిస్తున్నారు. కాలికి బొక్క ఉంది. ఎక్కించిన గాలి ఎక్కించినట్టే బొక్కలోంచి సుయ్‌మని పోతోంది. పంక్చర్ వేయకుండా గాలి కొడితే టైరు నిలుస్తుందా? ఇంత చదువుకున్న డాక్టరు ఈ చిన్న సంగతి ఎలా మరిచిపోయాడు? పాపం, ఆయనకేం తెలుసు, ఎప్పుడూ కారులో తిరిగే మనిషి.

మర్నాడు పొద్దున్నే నర్సమ్మ పిండిమిల్లుకు పోయింది. గిరియప్ప అంగట్లోంచి సామాను తెప్పించుకోలేదు, తానే మడమ మీద కుంటుతూ పోయి తెచ్చుకున్నాడు. కట్టు విప్పాడు. పుండు చుట్టూ మంచి చర్మాన్ని గుడ్డతో తుడిచాడు. ట్యూబును గరుకు చేసే గీకుడు కాగితం వాడలేదు, పాపం పోనీలే తన కాలే కదా అని. చుట్టూ ప్యాచి అంటించే సొల్యూషన్ జిగురు రాశాడు. అది ఆరేదాకా నోటితో ఊదాడు. సైకిల్ ట్యూబు ప్యాచి ఒకటి ఎంచి, పై కాగితం ఒలిచి, పుండు మీద మూతలా అతికించి బొటనవేలితో అంచంతా నొక్కాడు. సుత్తి దెబ్బ ఒక్కటి మాత్రం మానుకున్నాడు. పైన కట్టు మునుపటిలాగే చుట్టేశాడు. ముప్పై ఏళ్ళ అనుభవంలో అంత శుభ్రంగా ఏ లారీకీ వేయలేదని తృప్తిపడ్డాడు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో ప్రశ్నలు మొదలయ్యాయి.

"నూనె?"

"లేదమ్మా."

"క్రీము?"

"లేదమ్మా."

బల్ల సగం లోపలికి పోయింది. ఫాతిమా చెయ్యి ఆగింది. ముక్కు పైకెత్తి గాలి పీల్చింది.

"ఏందప్పా ఈ వాసన?"

"ఏం వాసన? నాకేమీ రాలేదే."

"పెట్రోలు మాదిరి ఉండాది."

"అదా! బస్సులో నా పక్కన ఒకాయన కూర్చునుండె. పెట్రోలు క్యాను ఒళ్ళో పెట్టుకుని. ఆయన బండి పేరు చెప్తే నువ్వు నమ్మవు..."

"నమ్మను" అంటూ ఫాతిమా బల్లను బయటికి లాగేసింది. తలా, చేతులూ, జేబులూ వాసన చూసుకుంటూ పాదం దగ్గరికి వచ్చి నిలిచింది. కట్టు విప్పింది. నల్లటి రబ్బరు ప్యాచి, దాని మీద కంపెనీ పేరుతో సహా, ఆమెను చూసి నవ్వింది.

ఫాతిమా అరవలేదు. పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. కూర్చునే గ్యాసు మీట కట్టేసి ఉందా అని రెండుసార్లు తడిమి చూసింది. "లోపల గ్యాసు వదిలి ఉంటే నువ్వు బూడిదే అప్పా" అంది. అది చూశాక గిరియప్పకు మొదటిసారి భయమేసింది.

"ఆరిపోయినాక అతికించినా అమ్మణ్ణీ" అన్నాడు గొణుగుతూ. "ఆరిన సొల్యూషన్‌కు నిప్పు అంటుకోదనుకుంటి."

డాక్టర్ శశిధర్ వచ్చాడు. ప్యాచిని మెల్లగా ఊడదీయడానికి చాలాసేపు పట్టింది. దాని కింద గాలాడక చర్మం నానిపోయి తెల్లబడింది, అంచులు కందాయి.

"యజమాన్రే, ఇది కాలా, ట్యూబా?"

డాక్టరు ఊడిన ప్యాచిని ట్రేలో పడేశాడు.

"పుండు కొంచెం వెనక్కి పోయింది. అది వేరే మాట. నా స్టాఫు, పక్క గదిలో పేషెంట్లు, అందరికీ ప్రమాదం తెచ్చారు. మిమ్మల్ని మళ్ళీ ఇందులో ఎలా పెట్టేది? రేపు సర్జన్‌కు చెప్పేస్తా, ఆయనే చూసుకుంటాడు."

నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిరుత గురించి గానీ, గాలిలో ఎగిరిన లారీ గురించి గానీ ఒక్క ముక్క కూడా గిరియప్ప నోట రాలేదు. పాదం వైపు చూస్తూ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు.

"గాలి లీకవుతా ఉండాది సార్. నా చెవులతో విన్నా. రోజూ. కాళ్ళ దగ్గర సుయ్‌మని. మీరు ఎక్కించేదంతా పోతా ఉండాది, అందుకే పుండు మానలే అనుకుంటి. ఆ సగం కాలు పోతే నేను అంగట్లో కూర్చుని ఈగలు తోలుకోవల్ల. అందుకే... నాకి తెలిసిన పని అదొకటే సార్."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఫాతిమా లేచింది. ఖాళీ గొట్టం తలుపు మూసింది. గ్యాసు తిప్పింది. మీటరు ముల్లు కదిలింది. గిరియప్పను చక్రాల కుర్చీలో గొట్టం కాళ్ళ వైపు చివరికి తోసుకుపోయి, "చెవి పెట్టు" అంది.

సుయ్... సుయ్...

"లోపల ఎవరన్నా ఉండారా అప్పా?"

"లేరు."

"మరి ఇది ఎవరి పంక్చరు?"

గిరియప్ప మళ్ళీ ఒకసారి చెవి ఆనించి విన్నాడు.

"నువ్వు వదిలిన ఊపిరి బయటికి పోవల్ల కదా. పాత గ్యాసు ఈ చివర నుంచి పోతా ఉంటాది, కొత్తది వస్తా ఉంటాది. ఆ సప్పుడు అది. నీ కాలు ఏ సప్పుడూ చేయలే."

"అయితే గాలి నాలోకి యాడ నుంచి పోతాది? యాడ నిలుస్తాది?"

ఫాతిమా స్టూలు దగ్గరికి లాక్కుంది. "గోలీ సోడా తాగినావా?"

"హొసకోటెలో నేను తాగినన్ని సోడాలు..." అని మొదలుపెట్టి, నర్సమ్మ చూపు తగిలి ఆపేశాడు. "తాగినా."

"మూత తీయకముందు దాంట్లో గ్యాసు యాడ ఉంటాది? కనపడతాదా? నీళ్ళలోనే కలిసిపోయి ఉంటాది. అదిమి పెట్టినందుకు కలిసింది. నువ్వు లోపల పీల్చే ఆక్సిజన్ కూడా అట్లనే. ఊపిరితిత్తుల్లో నుంచి రక్తంలో కలిసిపోతాది. ఆ రక్తం పుండు కాడికి పోతాది. ఒళ్ళు దాన్ని తాగేసి కొత్త కండ కట్టుకుంటాది. టైరులో మాదిరి నిన్ను ఊది పెట్టే పని కాదు ఇది."

గిరియప్ప ఆ గొట్టం మీద వేలితో టక్కుమని కొట్టి చూశాడు. చివరికి నిట్టూర్చి, "అంటే నేను టైరు కాదు. సోడా" అన్నాడు.

డాక్టరుకు ఈసారి నవ్వు ఆగలేదు. ఫాతిమా ఆయన వైపు తిరిగి, "సార్, ఇకమీద కట్టు రోజూ నేనే విప్పి చూస్తా. నా పూచీ" అంది. డాక్టరు తలాడించాడు. "సర్జన్‌ను ఇంకొన్నాళ్ళు ఆగమంటాను. ఒక్క షరతు. ఈ గుమ్మం బయట మీరు ఏ కథైనా చెప్పుకోండి యజమాన్రే. ఫాతిమా అడిగేటప్పుడు మాత్రం నిజం తప్ప ఇంకేమీ రాకూడదు."

"నా తల్లి మింద ఒట్టు సార్."

ఆ ఒట్టు అందరికీ తలనొప్పి అయింది. జీవితంలో మొదటిసారి నిజం చెప్పే పని పడిన మనిషికి ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"పొద్దున ఏమి తిన్నావు?"

"రాగిముద్ద. నిన్న సాయంత్రం ఒక ఒబ్బట్టు కూడా తిన్నా."

"ఏమయ్యో!" అంది నర్సమ్మ.

"ఒకటిన్నర" అన్నాడు గిరియప్ప. "దేవుని గూట్లో దాచిపెట్టినావే, అది."

ఆ రోజు చక్కెర ఎందుకు ఎక్కిందో డాక్టరుకు వెతికే పని తప్పింది. ఇంట్లో తీపి దాచే చోట్లన్నీ ఆసుపత్రిలో బయటపడ్డాయి. కాలి మీద బరువు వేశావా అంటే, పక్కింటివాళ్ళ పొట్లాట చూడటానికి కిటికీ దాకా పోయానని ఒప్పుకున్నాడు. చెప్పుకోవడానికి సిగ్గు అనిపించి, ఒప్పుకోవాల్సి వచ్చే పనులే చేయడం తగ్గించేశాడు. నర్సమ్మ ఇన్నేళ్ళ పోరు చేయలేని పని ఆ గుమ్మం చేసింది.

సుయ్‌మనే చప్పుడు రోజూ వినిపిస్తూనే ఉంది. ఇప్పుడది ఆయనకు జోలపాట. లోపల కళ్ళు మూసుకుని, తన నెత్తురు గోలీ సోడాలా చిటపటలాడుతూ కాలి దాకా పోతున్నట్టు ఊహించుకునేవాడు. ఒకసారి మైకులో, "మూత తీసేటప్పుడు పొంగిపోతానేమో అమ్మణ్ణీ, గ్లాసు పట్టుకో" అన్నాడు. "అందుకే నిదానంగా దించుతా. నోరు మూసుకో, పొంగేది అదొక్కటే" అంది ఫాతిమా.

డాక్టరు గీసే గీతలు కవలలుగా ఉండటం మానేశాయి. ప్యాచి చేసిన చెరుపు సర్దుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆపైన ఒక వారం గీత లోపలికి జరిగింది. ఇంకో వారం ఇంకొంచెం. నల్లగా, పాచిగా ఉన్న అడుగులో ఎర్రటి కొత్త కండ చిన్న చిన్న గింజల్లా లేచింది. "ఇదీ నాకు కావాల్సింది" అని డాక్టరు టార్చి వేసి నర్సమ్మకు చూపించాడు. నిప్పట్టు వడియమైంది. వడియం శనగ గింజైంది.

సర్జన్ వచ్చాడు. పాదం అటూ ఇటూ తిప్పి చూశాడు. చూస్తున్నంతసేపూ నర్సమ్మ ఊపిరి బిగబట్టింది, గిరియప్ప గుటకలు మింగాడు, గొట్టంలో ఉన్నట్టు. "ఇక్కడ నాకేం పనుంది?" అని సర్జన్ చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఒక మనిషి ఆ మాట అని వెళ్ళిపోతుంటే అంత సంతోషం కలగడం ఆ ఇద్దరికీ అదే మొదలు.

వెళ్ళొస్తామని చెప్పేరోజు గిరియప్ప, ఫాతిమా స్కూటరు ఎక్కడుందో కనుక్కుని, చక్రాల ఒత్తిడి తన మీటరుతో చూసి వచ్చాడు. "ముందు టైరు తక్కువ ఉండె అమ్మణ్ణీ. నాకి పెట్టినంత పెట్టినా" అన్నాడు.

ఇప్పుడు అంగట్లో టైరు ఊడదీసే యంత్రం ఉంది. కాలితో తొక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు, ఉన్న పాదాన్ని కాపాడుకోవాలంటే. గిరియప్ప ఎత్తైన స్టూలు మీద కూర్చుని యంత్రాన్ని తిడుతూ దానిచేత పని చేయించుకుంటాడు. మొన్న ఒక లారీ డ్రైవరు, ఎల్లయ్య అని పాత ఖాతాదారు, చాన్నాళ్ళకు వచ్చాడు.

"ఏమప్పా గాలి గిరియప్పా, కాలు తీసేస్తారని విన్నానే. ఎట్ల మానింది?"

గిరియప్ప ఉన్నదున్నట్టు చెప్పాడు. గాజు లాంటి గొట్టం, లోపల ఆక్సిజన్, స్కూటర్ టైరంత ఒత్తిడి, నెత్తురు సోడా అయిపోవడం, అన్నీ. ఒక్క ముక్క కలపలేదు. ఎల్లయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మనిషిని సీసాలో పెట్టి గాలి కొట్టినారా! నీ కోతలకు హద్దు లేకుండా పోయిందప్పా. నువ్వు ఊరంతా చెప్పుకున్న ఆ చిరుత కథన్నా మేలు, నమ్మేటట్టు ఉండె."

గిరియప్ప వాదించలేదు. భోజనానికి ఇంటికి పోయే వేళైంది. ఆసుపత్రిలో ఇచ్చిన మెత్తటి బూట్లు ముందుకు లాక్కున్నాడు. తొడుక్కునే ముందు, టైరు లోపల మేకు కోసం వెతికినట్టు, ఒక్కో బూటులో అరచెయ్యి పెట్టి అడుగునుంచి అంచుదాకా నిదానంగా తిప్పాడు. ఇదీ ఫాతిమా పెట్టిన నియమమే. కుడి బూటులో ఏదో తగిలింది. బయటికి తీశాడు. చిన్న కంకర రాయి.

"చూడు ఎల్లయ్యా," అన్నాడు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని. "చిరుత పన్ను."